గురువారం చేతుల గంట

నాంపల్లి, హైదరాబాద్
26 జూన్ 2024

అక్కా,

బళ్లు తెరిచారు. మా మ్యూజియం మెట్లకు మళ్లీ చప్పుడు వచ్చింది. ఈ వారంలోనే నాలుగు బళ్ల పిల్లలు వచ్చి వెళ్లారు. గౌలిగూడ సర్కారు బడి నుంచి ముప్ఫై మంది వచ్చారు. టికెట్ లేదు, ఎవరూ కసరరు అని తెలిసి పంతులమ్మలు మన సందు వెతుక్కుంటూ వస్తారు. ఇంతకుముందే వాట్సాప్ పెడదామనుకున్నాను. ముందు నీ బిడ్డ వైశాలి చూసి, తర్వాత నీకు చూపిస్తుంది. నీకేమో ఫోన్లో మాట వినపడదు. అందుకే మళ్లీ మన ఉత్తరమే. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వేస్తున్నాను.

జితేందర్ కొత్త హుకుం తెచ్చాడు. జితేందర్ అంటే మ్యూజియం పెట్టిన రామరతన్ సేట్ మనవడు, ఇప్పుడు ట్రస్టు సెక్రటరీ. "అద్దం ఎన్కకెళ్లి పిల్లలు ఏం చూస్తరు మేడం? ముట్టుకోవాలె, పక్కన నిలవడి ఫోటో దిగాలె. అన్ని అద్దాలు తీసేద్దాం" అన్నాడు. బావ పట్టుబట్టి పెట్టించిన అద్దాలు! మనసు చివుక్కుమంది గాని, పిల్లల సంతోషం చూస్తే అతనన్నదీ నిజమే అనిపించింది. గడ్డి కూరిన చిరుతకూ మొసలికీ ఉన్నవి తీసేశారు. మిగతావి నవంబరు పద్నాలుగు, బాలల దినోత్సవం లోపల తీస్తారట.

ఎలుగుబంటి అద్దం తలుపు మాత్రం నేను ఎప్పుడూ గురువారం గురువారం తెరుస్తూనే ఉన్నాను. బావ మొదలుపెట్టిన చేతుల గంట ఆపడానికి నాకు చేతులు రాలేదు. ఆ గంటకు చూపులేని పిల్లలను హాస్టల్ నుంచి నవత టీచర్ తీసుకొస్తుంది. వాళ్లు భాలూ భాలూ అంటూ దాని గోళ్లు, ముక్కు, చెవులు తడిమి తడిమి చూస్తారు. మనస్విని అని ఏడేండ్ల పిల్ల ఉంది. దాని చెవిలో రహస్యాలు చెప్తుంది. మొన్న "మేడం, భాలూ చెవుల పిండి పోసిన్రా?" అని వేలు చూపించింది.

నిజంగానే పిండిలా రాలుతోంది. వానలకు గదులు చెమ్మగిల్లాయి కదా, చెవి కుట్టు దగ్గర తెల్లగా పొడి తేలుతోంది. రోజూ కొంగుతోనే తుడుస్తున్నాను. నా అరచేతుల్లో ఆనెల్లాంటివి గట్టిగా లేచాయి. బావ చేతులూ ఇట్లాగే ఉండేవి. పని చేసే చేతులంతే!

నీ
శశి

---

నిజామాబాద్
3 జూలై 2024

శశీ,

నీ ఉత్తరం అందింది. ఆ చేతుల గంట ఇంకా నడుస్తోందని నువ్వు ఇన్నేండ్లలో ఒక్కసారీ రాయలేదు. మీ బావతోనే ఆగిపోయిందనుకున్నాను.

అద్దాలు తీయవద్దని జితేందర్‌కు గట్టిగా చెప్పు. కొంగుతో తుడవకు. అక్కడ కూర్చొని అన్నం తినకు. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కో, ఆ చీర విడిగా ఉతుక్కో.

ఇంకా మంచిది, పని మానేసి ఇక్కడికి వచ్చెయ్. వైశాలికి ఇంట్లో తోడు కావాలి. నాకు కూడా ఈ మధ్య నీ గురించి మంచి కలలు రావడం లేదు.

వెంటనే జవాబు రాయి.

అక్క

---

నాంపల్లి
22 జూలై 2024

అక్కా,

నీకు కలలు రావడమేంటి, వాటికి భయపడి నేను మూటా ముల్లె సర్దుకోవడమేంటి? వైశాలికి తోడు కావాలన్నావు. మొన్ననే అది ఫోన్ చేసి, "పిన్నీ, అమ్మ ఒక్క పని చెయ్యనిస్తలేదు" అని నవ్వింది. నువ్వేదో దాస్తున్నావు. ఒంట్లో బాగుందా నీకు?

ఇక్కడి సంగతులు రాస్తాను. ఈ వానాకాలం బొచ్చు పురుగు బాగా పడింది. కిందటేడు కొన్న నెమలి ఈకల విసనకర్రలు జల్లెడైపోయాయి. గుడ్డ బొమ్మలు పోయాయి. పాత జంతువుల జోలికి మాత్రం ఒక్క పురుగు పోలేదు. ఆశ్చర్యపడి వంగి చూస్తే, ఎలుగుబంటి పీట కింద బొద్దింకలు వెల్లకిలా పడి ఉన్నాయి. కృష్ణజింక కాలు కొరికిన ఎలుక దాని పక్కనే చచ్చిపోయి ఉంది. నోట్లో ఇంకా రెండు వెంట్రుకలున్నాయి. ఊడ్చి పారేశాను.

మనస్విని రెండు గురువారాలుగా రావడం లేదు. నవతను అడిగితే, "కక్కుడు మేడం. తిన్నది ఉంటలేదు. కడుపు నొస్తదని ముడుసుకొని పంటది. హాస్టల్ నీళ్లు పడ్తలేవేమో" అంది. నవత జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల. హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా తనే తల్లిలా కూర్చుంటుంది. పాపం, ఆమె మొహం కూడా పీక్కుపోయింది.

నా కాళ్లలో చీమలు పాకినట్టు తిమ్మిరి. వయసు అనుకుంటున్నాను.

అక్కా, ఒకటి అడుగుతాను. పురుగు పట్టకుండా బావ ఆ తోళ్లకు ఏం పూసేవాడు? నీకెప్పుడైనా చెప్పాడా? తెలిస్తే ఆ మందు విసనకర్రలకు కూడా వేయిద్దామని.

శశి

---

నిజామాబాద్
2 ఆగస్టు 2024

శశీ,

వేపనూనె, కర్పూరం. అంతే. ఆయన పనుల సంగతి నాకు పెద్దగా తెలియదు. ఇప్పుడు ఆ పాత ముచ్చట్లు ఎందుకు? విసనకర్రలకు ఏమీ పూయకు.

ఆ పిల్లను ఎలుగుబంటి దగ్గరికి పోనీయకు.

నళిని

---

నాంపల్లి
18 సెప్టెంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం నెలన్నరగా నా పెట్టెలోనే ఉంది. రోజూ తీసి చదివాను. పిల్లకు వాంతులని, నీళ్లు పడలేదేమోనని నేను రాశాను. నువ్వు ఎలుగుబంటి అని రాశావు. ఎట్లా తెలిసింది నీకు?

మొన్న సోమవారం కోఠిలో చర్మాల డాక్టరమ్మ దగ్గరికి పోయాను. పెద్దావిడ, పాత హైదరాబాదీ. నా అరచేతులు దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది. గోళ్ల మీద అడ్డంగా తెల్లటి గీతలున్నాయి. అవి ఎప్పుడు వచ్చాయో నాకే తెలియదు.

"ఏం పని చేస్తరమ్మా మీరు? బోరు నీళ్లు తాగుతరా? పురుగుల మందులేమన్న ముట్టుకుంటరా?"

"పిల్లల మ్యూజియంలో పని. పాత జంతువుల బొమ్మలు తుడుస్తాను."

"బొమ్మలా, తోళ్లా?"

"తోళ్లే. లోపల గడ్డి కూరినవి."

ఆమె కలం కింద పెట్టింది. "ఎనకట తోళ్లు చెడిపోకుండ ఆర్సెనిక్ పూసెటోళ్లు. మనోళ్లు సంఖియా అంటరు చూడు, పాషాణం, అది. గోళ్లు కత్తిరించి పంపుదాం. రిపోర్టు వచ్చేదాంక గాడికి పోకు" అంది. లేచి నిలబడ్డాక మళ్లీ పిలిచి అడిగింది: "పిల్లలు ముట్టుకుంటరా వాటిని?"

ముట్టుకుంటారు అక్కా. ఎనిమిదేండ్లుగా గురువారం గురువారం నేనే చేతులు పట్టి ముట్టించాను.

దవాఖాన మెట్ల మీద కూర్చుంటే బావ చెయ్యి గుర్తొచ్చింది. కుడి అరచేతిలో మానని పుండు, తర్వాత గడ్డ, తర్వాత ఊపిరితిత్తులకు పాకింది. ఆయన్ను కూడా ఏదో ఒక డాక్టరు, ఏం పని చేస్తావని అడిగే ఉంటాడు. నువ్వు పక్కనే ఉండి ఉంటావు.

నిజం రాయి.

శశి

---

నిజామాబాద్
30 సెప్టెంబరు 2024

శశీ,

అడిగాడు. 2017 నవంబరులో. నేను పక్కనే ఉన్నాను.

మీ బావ ఆ ఉద్యోగంలో చేరిన రెండో వానాకాలం, పురుగు పట్టి చిరుత చెవులు ఊడిపోయాయి. సేట్ దగ్గర ముసలి షికారీ, వేటగాడు, ఒకాయన ఉండేవాడు. సంఖియా, సబ్బు, కర్పూరం కలిపి తోలు లోపలివైపు పూయడం ఆయనే నేర్పించాడు. ఖైరతాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి వెనక పాత డబ్బాలో కలిపేవారు మీ బావ. నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. అది విషమని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. "తోలు లోపలికి పోయినంక ఇగ బయటికి రాదు నళినీ, ఫికర్ చెయ్యకు" అనేవారు. నిజంగానే నమ్మారు. నమ్మకపోతే 1996లో ఆ చూపులేని పిల్లలను పిలిచి చేతుల గంట పెట్టేవారా? ఎలుగుబంటి ఎట్లా ఉంటుందో తెలియకుండా పిల్లలు పెద్దవాళ్లు కావద్దని ఎంత తాపత్రయపడ్డారో నువ్వు చూశావు.

ఆ రోజు డాక్టరు అడిగితే, గుమాస్తా పని అని చెప్పారు. ఇంటికొచ్చి పీట మీద కూర్చొని చెయ్యి చూసుకుంటూ ఉండిపోయారు. నేను చాయ తెచ్చాను. "అది లోపల ఉండలేదే. బయటికొచ్చింది. పిల్లల చేతులు పట్టి నేనే పెట్టిన" అన్నారు. చాయ చల్లారిపోయింది.

మరుసటి రోజే పోయి సెక్రటరీ వెంటపడి అద్దాలు పెట్టించారు. ఎందుకో చెప్పలేదు. నా దగ్గర మాట తీసుకున్నారు. "నేను పోయినంక నా పేరు పిల్లలకు విషం పెట్టినోడని వద్దు. అద్దాలున్నయి కదా, సాలు." పదకొండు నెలలకు పోయారు.

అప్పటికి నువ్వు చేరి ఏడాది దాటింది. ఆయన రిటైరయినప్పుడు, ఆ పనిలో నిన్ను పెట్టమని సేట్ ఇంటికి పోయి అడిగింది నేనే. మీ ఆయన పోయిన దిగులు నుంచి నువ్వు బయటపడతావని అడిగాను. తర్వాత, అద్దాలున్నాయి కదా అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కాని అద్దం వెనకకు పోయి తుడిచే మనిషివి నువ్వే. అది నాకు తెలుసు. ప్రతి దసరాకు నువ్వు వచ్చినప్పుడు ముందు నీ చేతులే చూసేదాన్ని. ఏమీ లేకపోతే ఇంకో ఏడాది గడిచిందనుకునేదాన్ని.

ఆయన పేరు కోసమే దాచానని రాయాలనుంది. అది సగమే నిజం. నువ్వు నన్ను ఏమంటావోనని భయపడ్డాను.

నళిని

---

నాంపల్లి
12 అక్టోబరు 2024

ఈ ఉత్తరం పైన ఏమని రాయాలో తెలియలేదు. వదిలేశాను.

నా గోళ్లలో ఆర్సెనిక్ ఉంది. రిపోర్టు వచ్చింది. నవతకు చెప్పాను. ఆమె చెప్పులేసుకొని హాస్టల్‌కు ఉరికింది. మనస్వినిని దవాఖానలో చేర్చారు. ఆ పిల్ల జుట్టు రాలుతోందట.

చేతుల గంట ఆపేశాను. గదికి తాళం వేశాను. కాని ఇంకో తాళంచెవి జితేందర్ దగ్గర ఉంది. రిపోర్టు ముందు పెడితే, "మీ ఇంటి నీళ్లల్లకెళ్లి వచ్చిందేమో మేడం. నలబై ఏండ్ల సంది పిల్లలు వస్తున్నరు, ఎవరన్న సచ్చిన్రా? ఆరు బళ్లకు చెప్పినం, నాలుగు వందల మంది పిల్లలు. పద్నాలుగు తారీకు అయినంక చూద్దాం" అన్నాడు. అద్దాలన్నీ తీసేశాడు. ఎలుగుబంటి మెడలో కాగితం పూల దండ వేయించాడు. కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాను. పండగలు పోనీయమన్నారు.

ఆ తోళ్లలో ఏముందో సొంత కళ్లతో చూసిన మనిషివి ఇప్పుడు నువ్వొక్కదానివే. ఏం కలిపారు, ఎప్పుడు కలిపారు, ఎవరు కలిపారు, అన్నీ నీ చేత్తో రాసి సంతకం పెట్టు. బావ పేరు రాయకుండా పంపితే నాకు అక్కర్లేదు.

శశికళ

---

నిజామాబాద్
28 అక్టోబరు 2024

శశీ,

మూడుసార్లు రాసి చింపాను. మొదటి రెండుసార్లు "ఒక ఉద్యోగి" అని రాశాను. నాలుగోసారి శ్యామ్‌సుందర్ అని రాశాను. ఇంటి పేరుతో సహా.

కాగితం ముందు వైశాలికి ఇచ్చాను. చదివి మడిచి నా చేతిలో పెట్టింది. "నాన్న చెయ్యి కడిగేదాన్ని నేను. నాక్కూడ చెప్పలేదు కదమ్మా" అంది. దాని పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. ఆ రోజు నుంచి నా కంచం పెడుతుంది గాని నా ఎదురుగా కూర్చోదు.

కాగితం ఇందులో పెట్టాను. స్పీడ్ పోస్టులో వేశాను. పోగొట్టుకోకు.

ఆ పిల్ల ఎట్లా ఉంది?

నళిని

---

నాంపల్లి
16 నవంబరు 2024

అక్కా,

మొన్న పద్నాలుగున పొద్దున తొమ్మిదికే సందంతా ఆటోలు, బస్సులు. పిల్లలు కాగితం టోపీలు పెట్టుకొని వరసలో నిలబడ్డారు. జితేందర్ తాళం తీయించి మైకు పెట్టించాడు. పాటలు నడుస్తున్నాయి. నేను పోయి మెట్లకు అడ్డంగా నిలబడ్డాను. కాళ్ల తిమ్మిరితో నిలబడడమే కష్టంగా ఉంది.

పాట ఆగగానే మైకు తీసుకొని నీ కాగితం చదవడం మొదలుపెట్టాను. "నా భర్త శ్యామ్‌సుందర్ ఈ జంతువుల తోళ్లకు పాషాణం పూసేవారు" అన్న దగ్గర జితేందర్ మైకు గుంజుకున్నాడు. "మతి తప్పింది ఆమెకు, పట్టించుకోకున్రి" అన్నాడు. మైకు లేక నా మాట వెనక వరసలకు అందలేదు. అప్పుడు నవత వచ్చింది. ఆ రోజు పిల్లలను తేలేదు, ఒక్కతే వచ్చింది. నా చేతిలో కాగితం తీసుకుంది. మైకు అక్కర్లేకుండా, పొలంలో పిలిచినట్టు గొంతెత్తి మొదటినుంచి చివరిదాకా చదివింది. చివర, "మా పిల్ల దవాఖానల ఉన్నది. మీ పిల్లల లోపటికి పంపుడు మీ ఇష్టం" అంది.

గౌలిగూడ పంతులమ్మ ముందుగా అంది, "పిల్లలూ, ఎన్కకు తిరుగున్రి." భాలూను చూడకుండా పోతున్నామని పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఒక్కో వరసా తిరిగింది. ఒక్కరూ మెట్టెక్కలేదు.

నేను గట్టెక్కాననుకుంటున్నావేమో. ఒక పిల్ల తల్లి నా ముందుకొచ్చి, "ఎనిమిదేండ్ల సంది గీడనే ఉన్నవు కదా, చేతుల పొడి రాలుతుంటే నీకు అనుమానం రాలేదా? ఏం చేసినవ్?" అని అడిగింది. "కొంగుతో తుడిచాను" అన్నాను.

ఇవాళ మధ్యాహ్నం అధికారులు వచ్చారు. ముఖాలకు మాస్కులు, చేతులకు తొడుగులు. పొడి సీసాల్లోకి తీసుకొని తలుపుకు సీలు వేశారు. జితేందర్ నా వైపు చూడలేదు. "మా తాత పేరు తీసినవ్" అని మాత్రం అన్నాడు.

లోపలి గోడ మీద బావ ఫోటో కూడా సీలు వెనకే ఉండిపోయింది.

శశి

---

నాంపల్లి
20 జనవరి 2025

అక్కా,

నువ్వు పంపిన మూడు ఉత్తరాలూ అందాయి. జవాబు రాద్దామంటే కుడి చేతికి కట్టు ఉండింది.

పొడి పాషాణమేనని తేలింది. నా అరచేతిలో రెండు కాయలు కోసి పరీక్షకు పంపారు. ఒకటి మామూలుదే. రెండోది మంచిది కాదన్నారు. చుట్టూ తీసేశారు, ఇంకా పాకలేదట. మూడు నెలలకోసారి చూపించుకోవాలి. మనస్విని తింటోంది, జుట్టు వస్తోంది. కాని ఆ పిల్లను కూడా చాలా ఏండ్లు చూస్తూ ఉండాలన్నారు. పోయి చూద్దామనుకున్నాను. నవత, "ఇప్పుడే వద్దు మేడం" అంది. మెల్లగానే అంది.

సీలు వేసేముందు రిజిస్టర్లు నా చేతికి ఇచ్చారు. ప్రతి గురువారం వచ్చిన పిల్లల పేర్లు బావ గుండ్రటి దస్తూరీలో ఉన్నాయి, తర్వాత నావి. బళ్లకూ హాస్టళ్లకూ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ఒకసారి వచ్చి పోయినవాళ్లకు పెద్ద భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఏండ్ల తరబడి వచ్చినవాళ్లను వెతకమంది.

నా ఉత్తరం సంగతి విని శనివారం నాడు ఒకతను ఇంటికొచ్చాడు. భానుతేజ అని, ముప్ఫై అయిదేండ్లుంటాయి, ఖైరతాబాద్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం. చేతికర్ర పట్టుకొని ఒక్కడే వచ్చాడు. చిన్నప్పుడు ఆరేండ్లు ఒక్క గురువారం తప్పలేదట. కుర్చీలో కూర్చొని బావ గురించి చెప్పాడు. "ఎలుగుబంటి గింత పెద్దగుంటదని నాకు సారే చూపిచ్చిండమ్మా. నేను అందుకోకపోతే భుజాల మీద ఎక్కిచ్చుకున్నడు. మా నాయిన కూడ నన్ను అట్ల ఎత్తుకోలేదు."

తన చేతులు నాకు చూపించలేదు. నేనూ అడగలేకపోయాను. చివరికి అతనే అడిగాడు.

"అమ్మా, సారుకు తెలుసా?"

బావ నీ దగ్గర తీసుకున్న మాట నాకు తెలుసు. తెలియదంటే ఆ అబ్బాయి తేలిక పడి పోయేవాడు. నేను "తెలుసు" అన్నాను.

అతను నీళ్లు అడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టడానికి బల్ల కోసం చేత్తో తడుముతుంటే, అందుకుందామని లేచాను. "వద్దు, నేను పెడ్త" అన్నాడు. పెట్టి వెళ్లిపోయాడు.

శశి

---

నిజామాబాద్
27 జనవరి 2025

శశీ,

వచ్చే సోమవారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. వైశాలి తోడు వస్తానంది. తానే అంది.

ముందు నన్ను ఆ అబ్బాయి దగ్గరికి తీసుకుపో. అతను అనేది నాకు వినపడదు. ఒక్క మాట తగ్గించకుండా కాగితం మీద రాసి నాకివ్వు. తర్వాత రిజిస్టర్లలో సగం నాకివ్వు.

అతనికి నువ్వు చెప్పింది తప్పు కాదు, కాని పూర్తి కాదు. ఆ పొడి బయటికొస్తోందని ఆయనకు పదకొండు నెలలు తెలుసు. నాకు ఏడేండ్లు తెలుసు.

నళిని